అందరికీ తొమ్మిదే

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు సర్వర్‌ను సూర్యాపేట, కోదాడ దుకాణాల కంప్యూటర్లతో కలపడం ఇంజినీరుగా నా మొదటి పని. ఒక్కోచోట ఒక్కో కంపెనీ రౌటర్ పెట్టెలు. అయినా, దేని ఐపీ అడ్రస్ దానికి ఇచ్చాక అన్నీ బుద్ధిగా కలిశాయి.

మర్నాడు ప్రారంభం. బంధువుల ముందు మిల్లు యజమాని సేటు కొబ్బరికాయ కొట్టారు. తెర మీద సూర్యాపేట వస్తే కోదాడ పోతోంది, కోదాడ వస్తే సూర్యాపేట పోతోంది!

"వేర్వేరు కంపెనీలవి కదా సేటూ, పొత్తు కుదరట్లేదు" అని బుకాయించాను.

"గదెట్లయితది బిడ్డా? పొద్దుగాల్నే దుకాణాలు జూసే మా ఇద్దరు తమ్ముళ్లకు ఫోన్ చేసి, అడ్రస్ చివర తొమ్మిది పెట్టుమన్న. మా బండ్లన్నిటికీ గదే నంబరు!"

రెండిళ్లకు ఒకే డోర్ నంబరుంటే ఉత్తరం ఎటు పోవాలి? ఆ మాటంటే ఆయన వింటారా?

"పద్దెనిమిదిలో అంకెలు కూడినా తొమ్మిదే కదా సేటూ!" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. కోదాడకు పద్దెనిమిది పెట్టించగానే రెండూ తెర మీద నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

నా నెట్‌వర్కింగ్ చదువును ఎవరూ పట్టించుకోలేదు. కొత్త ట్రాక్టరుకు ఏ నంబరు మంచిదని మాత్రం సేటు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. నేనూ సిగ్గుపడకుండా కూడి చెబుతుంటాను.