పదిహేడో నంబరు బిళ్ళ

భాగీరథీ సామంతరాయ్ ఒడిశాలోని కేంఝర్‌లో ఏ గనికొచ్చినా ముందు దీపాల గదికే వెళ్తాడు. గనిలోకి దిగేవాళ్ళు అక్కడి బోర్డుకి తమ ఇత్తడి బిళ్ళ తగిలించి, పైకొచ్చాక తీసుకుంటారు. ఉక్కు కంపెనీకి డైరెక్టరై కూడా ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కో బిళ్ళనీ వేలితో తాకుతూ లెక్కపెడతాడు. "బాబు రోజూ తినే చద్ది పఖాళన్నమైనా మానేస్తాడు గానీ బిళ్ళలు లెక్కపెట్టడం మానడు," అని గుమాస్తాలు మురిసిపోతారు. ముప్పై రెండేళ్ళ కిందట, ఆయన షిఫ్టు ఆఫీసరుగా ఉన్నప్పుడు గని కప్పు కూలింది. బతికినవాళ్ళు పైకొచ్చాక బోర్డు మీద పదిహేడో నంబరు ఒక్కటే మిగిలింది. అది సంతాలీ కూలీ లఖాయ్ హాంస్దాది. శవం కోసం తవ్వుతూ కూర్చుంటే గని నెలల తరబడి మూతపడుతుంది. ఆయన ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. లఖాయ్ పైకొచ్చి ఎటో పారిపోయాడని రిజిస్టరులో రాశారు. నాలుగో రోజుకి గని నడిచింది, ఆర్నెల్లకి ఆయనకి ప్రమోషనొచ్చింది.

రిటైరయ్యే రోజు, సన్మానం పందిరి పక్కన లఖాయ్ పెళ్ళాం ఫూల్మణి ఎదురొచ్చింది. పెళ్ళినాడు మొగుడు తొడిగిన ఇనప గాజు ఆమె మణికట్టుని కరుచుకుపోయి ఉంది. మొగుడు పోతేనే దాన్ని తీస్తారు.

"బాబూ, ఇంక నువ్వు రావంట గదా. పెద్దోడివి, నువ్వే చెప్పు. ఇది ఉంచుకోనా, తీసెయ్యనా?"

ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. అరిగి నున్నబడిన బిళ్ళ బొటనవేలికి తగిలింది.

"ఉంచుకోమ్మా. వస్తాడులే."

ఫూల్మణి వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. "ఊరంతా లేచిపోయాడంది బాబూ. వస్తాడన్నది నువ్వొక్కడివే."