టవియా బిడ్డ కిటికీకి కర్టెను

ఎకువా ముసలమ్మంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. "మాన్సా, నువ్వు కోడలి పక్షం మాట్లాడుతున్నావు" అని తర్వాత ఎవరూ నన్ను దెప్పనక్కర్లేదు. అవును, కోడలి పక్షమే. ఆ కోడలు పడ్డ పాట్లు చూసి కూడా అత్త పక్షం మాట్లాడేవాళ్ళుంటే నా పొయ్యి దగ్గరికి రావద్దు.

సాల్ట్‌పాండ్‌లో, చేపల రేవుకి ఎగువన, ఒకే వాకిలి చుట్టూ ఉన్న వాటాల్లో మా కాపురాలు. వాకిట్లో ఒక మూల నా పొయ్యి. పులిసిన మొక్కజొన్న పిండి ముద్దల్ని అరటాకుల్లో చుట్టి, ఉడికించి, కెంకే అమ్ముకోవడం నా బతుకు. ఇంకో మూల ఆ కోడలు టవియా కుట్టుమిషను. కర్టెన్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఈ తీరంలో లేరు. మా చర్చికి ఆమే కుట్టింది. సముద్రం ఒడ్డున ఉన్న హోటలుకీ ఆమే కుట్టింది. కుచ్చు ఒకటి అటూఇటూ అయితే మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. పని ఇచ్చినవాళ్ళు నసిగితే, "నచ్చకపోతే బట్ట తీసుకుపో, నోరు మాత్రం ఇక్కడ పారేసుకోకు" అనేది. అలాంటి మనిషి.

ఆ మనిషికి ఇద్దరు బిడ్డలు పుట్టారు, ఇద్దరూ పోయారు. ఇద్దరిలో ఒక్కరూ ఎనిమిదో రోజు చూడలేదు. ఎనిమిదో రోజు వస్తేనే కదా బిడ్డను ఎండలోకి తెచ్చి, నాలుక మీద నీటి చుక్కా సారా చుక్కా వేసి, పేరు పెట్టేది! పేరు లేకుండా పోయిన బిడ్డ మనిషి కాదట, దారి తప్పి వచ్చిన చుట్టమట. దాని కోసం ఏడిస్తే అలుసై, మళ్ళీ వచ్చి మళ్ళీ పోతుందట. అందుకని తల్లికి పండగ రోజున కట్టే తెల్లబట్ట కట్టించి, వేరుశనగ పులుసు వండిపెట్టి, నవ్వుతూ తినమంటారు. చాలా ఇళ్ళల్లో ఇది ఎప్పుడో మానేశారు. ఎకువా మానలేదు. పాలు కారుతున్న రొమ్ములతో కూర్చున్న పిల్ల ముందు గిన్నె పెట్టి, "తిను, మొహం అలా పెట్టకు" అంది. మొదటిసారి టవియా తినేసింది. రెండోసారి గిన్నె ఎత్తి గోడకేసి కొట్టింది. బాగా కొట్టింది. నేనైతే గోడకేసి కొట్టేదాన్ని కాదు, గురి వేరేగా ఉండేది.

మూడోసారి కడుపు నిలిచి, నెలలు నిండుతున్నాయి. బిడ్డ కోసం చిన్న చొక్కా ముక్క కూడా కొనకూడదని ఎకువా తన ఊరి నుంచి కబురు పంపింది. టవియా ఆ కబురు విని, మొగుడు ఎబో పడవ ఇంజన్ల సామాను పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేయించింది. గోడలకు సున్నం వేయించింది. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ వీధి కుళాయి వైపు. కిటికీకి కర్టెను బట్ట కొనడానికి మాంకెసిమ్ సంతకి బయల్దేరుతూ నన్నూ లాక్కెళ్ళింది.

దుకాణం ఆమె ముందుగా ముదురెరుపు బట్ట పరిచింది. "ఇది తీసుకో తల్లీ. చుక్క వెలుతురు రాదు, బిడ్డ హాయిగా నిద్రపోతుంది."

టవియాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎరుపా? శవం ముందు కూర్చునేటప్పుడు కట్టుకునే రంగు నా బిడ్డ కిటికీకా? నీకు పిల్లలున్నారా?"

"అయ్యో, ఎండ ఆగుతుందని అన్నానమ్మా!"

"ఎండ ఆగితే ఆగింది, నా నోరు ఆగదు. ఇంకోటి తియ్యి."

లేసు తీసింది. దాన్ని టవియా వెలుతురుకు పట్టి చూసి వెనక్కి తోసేసింది. "ఇది కడితే కుళాయి దగ్గర నిలబడ్డ ప్రతి ఆడదీ నా బిడ్డ ఊపిరి లెక్కపెడుతుంది. పోయినసారి గుమ్మంలోంచి అదే చేశారు. బిందె నిండిపోయి నీళ్ళు కారిపోతున్నా కదల్లేదు ఒక్కతీ."

బోలెడు తానులు విప్పించాక, అట్టడుగు నుంచి ఒక తెల్లబట్ట బయటికి వచ్చింది. దాని నిండా నీలం చేపలు, ఒక్కో చేపకి ఒక్కో రకం కన్ను. టవియా దాన్ని వేళ్ళ మధ్య నలిపింది, మడత పెట్టి వాసన చూసింది. వెనక వేయడానికి మందపాటి లైనింగు గుడ్డ జత చేసి, మొహానికి అడ్డంగా పట్టుకుంది.

"మాన్సక్కా, కనిపిస్తున్నానా?"

"లేదే. నీ పొట్ట మాత్రం కనిపిస్తోంది."

ఆ బట్ట వెనక నుంచి నవ్వింది. చాలా కాలానికి విన్నాను ఆ నవ్వు. అదే బట్ట కొనిపించాను.

మేము ఇంటికి తిరిగొచ్చేసరికి ఎకువా మా వాకిట్లో దిగి ఉంది. చిన్న గది కిటికీకి ఒక గోనెపట్టా వేలాడుతోంది. నల్లగా, చిరుగులతో, కుళ్ళిన చేపల కంపు కొడుతోంది.

"ఇదేంటి అత్తా?" అంది టవియా.

"కళ్ళు లేవా? గోనె. నా కొడుకు పుట్టినప్పుడు చెత్తకుప్ప మీంచి తెచ్చా. ఉతక్కు, ఉతికితే పనిచెయ్యదు."

"నా బిడ్డ గదికి చెత్త కడతావా?"

"చెత్తలో పడున్నదాన్ని చావు ఏరుకోదే, పిచ్చిదానా! నువ్వేమో సున్నాలు వేసి, ఈ చేపల బట్ట తెచ్చి, మా ఇంట్లో ముద్దులబిడ్డ ఉంది, వచ్చి పట్టుకుపో అని పిలుస్తున్నావు. నాకు అయిదుగురు పుట్టారు. నలుగురు పోయారు. ఇదిగో, ఈ సుమినా ఒక్కడే మిగిలాడు. ఎందుకు మిగిలాడనుకున్నావు? ఈ గోనె వెనక పెంచా కాబట్టి!"

సుమినా అంటే చెత్తకుప్ప. ఊరికంతటికీ ఎబో అయినవాడు తల్లికి మాత్రం సుమినా. చావు చూసి అసహ్యించుకోవాలని పసితనంలో బుగ్గల మీద పెట్టిన గాట్లు ఇప్పటికీ వాడి మొహాన ఉన్నాయి. ఆ ఎబో గుమ్మంలో నిలబడి స్పార్కు ప్లగ్గు తుడుచుకుంటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి.

టవియా అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. "బిడ్డ పోతే ఏడవనివ్వలేదు. ఇప్పుడు బిడ్డ వస్తుంటే సంతోషపడనివ్వవు. మరి నేను తల్లిని ఎప్పుడవ్వాలి అత్తా? టైం చెప్పు, సరిగ్గా ఆ టైంకే అవుతా."

"కట్టుకో! నీ చేపలే కట్టుకో! ఈ బిడ్డకి ఎనిమిదో రోజు లోపల ఏమన్నా అయిందా, నీ చేత్తో నువ్వు చంపుకున్నట్టే. ఆ రోజే నా కొడుకుని తీసుకుని మా ఊరు పోతా. నీకు నీ కర్టెను, నాకు నా కొడుకు."

కడుపుతో ఉన్న పిల్లని అనే మాటలా ఇవి! నాకు ఆగలేదు. "ఒరేయ్ ఎబో, ఆ ప్లగ్గు తుడిచింది చాల్లేరా. నీకు పెళ్ళాం ఉందా, లేదా?"

"మాన్సక్కా, నువ్వు నీ కెంకే చూసుకో," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ.

చూసుకుందామని తిరిగేసరికి నీళ్ళు ఇంకిపోయి గుండిగ అడుగు మాడిపోయి ఉంది. ఆ రోజు నాకు మొగవాళ్ళ మీదా, ముసలివాళ్ళ మీదా, మొక్కజొన్న మీదా కూడా కోపం వచ్చింది.

టవియా గోనె పీకి వీధిలోకి విసిరేసింది. మిషను ముందు కూర్చుని, పొట్ట అడ్డమొస్తున్నా పక్కకి తిరిగి తొక్కుతూ కర్టెను కుట్టి, కమ్మీకి ఎక్కించింది. నిజం చెప్పొద్దూ, ఆ నీలం చేపల్ని చూసి నాకూ భయమేసింది. ముసలిదాని మాట నిజమైతే? ఆ పిల్ల పోయిన బిడ్డకోసం ఏడవాలా, వెళ్ళిపోయే మొగుడి కోసం ఏడవాలా? లోపల అనుకున్నానే గాని పైకి అనలేదు.

ఆడపిల్ల పుట్టింది, మంగళవారం, ప్రభుత్వాసుపత్రిలో. ఎబో తల్లీబిడ్డల్ని టాక్సీలో తీసుకొచ్చాడు. నేను అప్పుడే సంత నుంచి వచ్చి కెంకే తట్ట దింపుతున్నాను. టవియా బిడ్డను గుండెకి హత్తుకుని చిన్న గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కిటికీకి మళ్ళీ అదే గోనె! ఈసారి మేకులు కొట్టి మరీ బిగించి ఉంది. చేపల కర్టెను లేదు.

ఎకువా ఎదురొచ్చి, బిడ్డ మొహంలోకి చూసి, పక్కకి ఉమ్మేసింది. "ఛీ! ఎంత వికారంగా ఉంది! కోతిపిల్ల నయం. దీన్నెవరు కోరుకుంటారు?"

టవియా బిడ్డను నా చేతుల్లో పెట్టి, తిన్నగా కిటికీ దగ్గరికి పోయి గోనె పట్టుకుని లాగింది. మేకులు రాలేదు. ముసలమ్మ పరుగెత్తి రెండో కొస పట్టుకుంది. ఒకరిది పచ్చి బాలింత ఒళ్ళు, ఒకరివి కట్టెపుల్లల్లాంటి చేతులు. ఇద్దరూ లాగుతుంటే మట్టీ, ఎండిన చేప పొలుసులూ వాళ్ళ నెత్తిన రాలుతున్నాయి.

"కుట్లు ఊడతాయే టవియా! ఎవరన్నా ఆపండి వీళ్ళని!" అని నేను కేకలు పెడుతున్నాను.

"అమ్మా, వదులు," అన్నాడు ఎబో.

"నువ్వు ఊరుకోరా సుమినా."

"నా పేరు ఎబో. వదులు."

వాడు గొంతు పెంచలేదు. అయినా ఇద్దరూ ఆగారు. వాడు మాట్లాడటమే వింత కదా.

"నేను బతికాను అమ్మా, కాదనను. ఈ గోనె వల్ల బతికానో, ఊరికే బతికానో నాకు తెలీదు. కానీ నువ్వు నన్ను ఎప్పుడు ఎత్తుకున్నావో చెప్పు. ఒక్కసారి చెప్పు. బళ్ళో నన్ను చెత్త అన్నారు, పోనీలే అనుకున్నా. ఇంటికొస్తే నువ్వూ అదే అన్నావు. జ్వరమొచ్చి మూలుగుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్నావు. నేను నీకు అక్కర్లేదని చావు నమ్మాలని చేశావు. చావు నమ్మిందో లేదో గాని, నేను మాత్రం నమ్మేశా."

ఎకువా "నువ్వు నమ్మాలనే కదరా!" అని అరిచింది. "నువ్వు నమ్మకపోతే నీ మొహంలో తెలిసిపోదూ? నేను ఎత్తుకున్నవాళ్ళు నలుగురూ పోయారు. నా ఈ చేతులంటేనే నాకు భయంరా!"

గోనె కొస వదిలేసింది. విసవిసా పోయి, తన పెట్టెలోంచి చేపల కర్టెను తీసి టవియా కాళ్ళ దగ్గర పడేసింది. "తగలెయ్యండి! నా మాట ఎవడికి కావాలి!" ఎబో మేకులు ఊడబెరికి, కర్టెను తనే ఎక్కించాడు. టవియా మంచం మీద పడి, మొదటి ఇద్దరు బిడ్డలకీ కలిపి అప్పుడు ఏడ్చింది. ఏడవొద్దని ఎవరూ అనలేదు. అని ఉంటే తట్టతో కొట్టి ఉండేదాన్ని.

ఎనిమిదో రోజు దాకా మేమెవరమూ సరిగ్గా ఊపిరి పీల్చలేదు. ముసలమ్మ ఆ గదివైపు కన్నెత్తి చూడలేదు, తన ఊరికి పోనూ లేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే బిడ్డను ఎండలోకి తెచ్చారు. నాలుక మీద సారా చుక్క పడగానే అది మొహం చిట్లించి గుక్కపట్టి ఏడ్చింది. అరబా అని పేరు పెట్టాడు ఎబో. అందరూ తిన్నారు, తాగారు, పోయారు.

నేను గదిలో టవియా పక్క దులుపుతుంటే ఎకువా గుమ్మంలోకి వచ్చింది. "ఇలా ఇయ్యి," అంది చేతులు చాచి.

"ముందు మంచిమాట అను," అంది టవియా. "ఛీ అన్నావా, ఇవ్వను. నీ ఒట్టు, ఇవ్వను."

ముసలమ్మ కిటికీ వైపు చూసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఇటే చూస్తున్నారు. ఆమె పోయి కర్టెను రెండు రెక్కలూ దగ్గరికి లాగింది. మధ్యలో సందు మిగిలితే తలగుడ్డకున్న పిన్ను తీసి పెట్టింది. చేపలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. అప్పుడు నావైపు తిరిగి, "నువ్వు కూడా బయటికి పో," అంది.

కసురుకుంటూనే బయటికి వచ్చాను. కిటికీ కింద ఎబో నిలబడి ఉన్నాడు. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ముసలిదాని గొంతు, నేనెన్నడూ వినని గొంతు. "నా బంగారమే. నా చిట్టి రొయ్యే. నా ఇంటి దీపమే. ఎవరే నిన్ను కోతిపిల్ల అన్నది? వాళ్ళ నోరు పడిపోనూ. నా తేనెచుక్కే. నా ఊపిరే..." ఎడతెగకుండా సాగింది. ఎక్కడా తడుముకోలేదు.

సంతోషించాలి కదా? నాకు మాత్రం లోపలికి పోయి ముసలిదాన్ని నాలుగు దులపాలనిపించింది. ఇన్ని మాటలు లోపల దాచుకుని, ఒక్కటంటే ఒక్కటి ఈ పిల్లవాడికి పెట్టలేదు ఈ మనిషి!

పక్కకి చూశాను. ఎబో కిటికీ చువ్వ పట్టుకుని, ఆ నీలం చేపల వైపే చూస్తున్నాడు.

"మాన్సక్కా," అన్నాడు మెల్లగా, "ఆ మాటలన్నీ అమ్మకి ఎప్పట్నుంచి వచ్చు?"