ధనియాల వాసన వేసే బీరు

మా ఆవిడ చారులోకి ధనియాలు కచ్చాపచ్చాగా దంచినప్పుడల్లా నాకు బీరు గుర్తొస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఈ మాట నోరు జారి పైకి అనేశాను. అప్పుడు నవ్వి ఊరుకుంది గానీ, ఇప్పుడు ఆవిడ చేతిలో రోకలి ఉండగా అనే ధైర్యం నాకు లేదు. గింజ చిట్లి ఆ వాసన లేవగానే మస్కట్‌లో సముద్రం పక్కనున్న ఒక హోటల్ బారు, అందులో నల్ల కోటు వేసుకుని గ్లాసు తుడుస్తూ నిలబడ్డ శంకరన్న కళ్ల ముందుకు వస్తాడు. రెండువేల ఎనిమిది వేసవిలో నేను రాజమండ్రి నుంచి వెళ్లి ఆ బారులో వెయిటరుగా చేరాను. శంకరన్న దానికి ఇన్‌చార్జి. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. ఇళ్లు కట్టే పనికని ఒమన్ వచ్చి, హోటల్ వంటగదిలో గిన్నెలు తోమి, అక్కడి నుంచి బారులోకి వచ్చాడు. పెద్దగా నవ్వేవాడు కాదు. ఎదుటివాళ్లు నవ్వితే మాత్రం అడ్డుపడేవాడు కాదు.

నేను చేరేసరికి ఆయన ఒక పంతం మీద ఉన్నాడు. బెల్జియంలో ఏదో పల్లెలో ఒక కుటుంబం తరతరాలుగా కాచే బీరును, తనే మేనేజరు వెంటపడి కొన్ని కేసులు తెప్పించుకున్నాడు. మేనేజరు లెబనాన్ మనిషి. రంజాన్ లోపల అమ్ముడైతే సరే, లేకపోతే మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకు అన్నాడట. రంజాన్ నెలంతా బారు మూసేస్తారు. ఆ సీసాల గడువు కూడా ఆ నెలలోనే తీరిపోతుంది. బయట చూస్తే తారు మెత్తబడే ఎండలు, హోటల్లో సగం గదులు ఖాళీ.

మొదటి వారంలోనే ఆ సీసా ఒకటి వెలుతురుకు ఎత్తి చూసి, "అన్నా, ఇది పాడైపోయినట్టుందండి. అడుగున మడ్డి ఉంది" అన్నాను.

"పాడు గాలే తమ్మి. అట్లపిండి ఎట్ల పులుస్తది? గసొంటిదే గిది. సీసల ఇంక పాణంతోనే ఉన్నది" అంటూ గ్లాసు వంచి, గోడ వెంట జారేలా నెమ్మదిగా పోశాడు. మధ్యలో ఆగాడు. నురగ సర్దుకున్నాక మళ్లీ పోశాడు. మడ్డి కదలకముందే సీసా ఎత్తేశాడు. గ్లాసులో బంగారు రంగు, పైన రెండు వేళ్ల మందాన నురగ. "తాగకు. ముందుగాల వాసన జూడు" అన్నాడు.

"ధనియాలండి!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఇంకా?"

"కమలాపండు తొక్క."

ఆయన తల ఊపాడు. డ్యూటీలో తాగకూడదు గనక రుచి తెలిసేంత ఒక్క గుక్క తాగనిచ్చాడు. అంతవరకు నాకు తెలిసిన బీరు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేది. రుచి తెలిసేలోపే గొంతు దిగిపోవాలన్నట్టు తాగేవాళ్లం. ఇదేమో ముందు కాల్చిన రొట్టెలా, తర్వాత కాస్త తియ్యగా ఉండి, చేదును మాత్రం ఆఖర్న తీసుకొచ్చింది. ఆ చేదు నాకు నచ్చింది. దీని మీద అంత పట్టుదల దేనికని అడిగితే, "మా ఊర్ల ఈతకల్లు ఉంటుండె. ఏ చెట్టుదో తాగినోడు చెప్తుండె. గీ పెద్ద కంపెనీ బీర్లన్ని ఒక్కతీరుగ ఉంటయి. గిది తాగినంక మా చెట్లు యాదికచ్చినయ్" అన్నాడు.

ఒక గురువారం సాయంత్రం మనవాళ్లు నలుగురు వచ్చారు. అల్ అమెరాత్‌లో విల్లాలు కట్టే కాంట్రాక్టర్లు. నేను ఉత్సాహంగా ఈ బీరే చెప్పాను. సరేనని, నాలుగు గ్లాసుల నీళ్లు కూడా తెమ్మన్నారు. ఎందుకో నాకు తెలుసు. కంపెనీవాళ్లు బీరులో గ్లిజరిన్ కలుపుతారని, మూత తీసి సీసాను నీళ్లలో బోర్లిస్తే అది దిగిపోయి మర్నాడు తలనొప్పి రాదని మన దగ్గర చిన్నా పెద్దా అందరి నమ్మకం. నేనూ ఎన్నోసార్లు బోర్లించినవాడినే. నలుగురూ సీసా మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, శ్రద్ధగా తిప్పి నీళ్లలో ముంచారు. అడుగున పేరుకున్న మడ్డంతా కదిలి కిందికి దిగింది. "చూడండి, ఎంత గ్లిజరిన్ కలిపాడో!" అని ఒకాయన కేకేశాడు. మిగిలింది గ్లాసుల్లో పోసుకుంటే వరద కాలవలా మడ్డిమడ్డిగా వచ్చింది. "ఏంటి తమ్ముడూ, పాడైన సరుకు మాకంటగడతావా?" అన్నారు. మేనేజరు పరుగున వచ్చి క్షమాపణలు చెప్పి అవన్నీ తీయించేశాడు.

శంకరన్న కొత్త సీసా పట్టుకుని వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లాడు. "సార్, ఒక్క గ్లాసు జూడుండ్రి. బాగలేకుంటే నన్ను తిట్టుండ్రి" అని తన తీరులో పోశాడు. వాళ్లలో పెద్దాయన మర్యాదగానే రుచి చూశాడు. "బాగానే ఉందయ్యా. కానీ కిక్ ఏదీ?" అన్నాడు. అందరూ నవ్వి, ఎప్పుడూ తాగేదే తెమ్మన్నారు. మేనేజరు శంకరన్న వైపు చూసి "ఖలాస్" అని వెళ్లిపోయాడు.

"కోపం రాలేదా అన్నా?" అని తర్వాత అడిగాను.

"ఎందుకస్తది? ఊర్లెనే ఉంటే నేను గూడ గట్లనే జేద్దును" అన్నాడు.

ఆ తర్వాత కూడా రోజూ ఎవరో ఒకరికి పోసి చూపించాడు. ఇద్దరు ముగ్గురు విదేశీయులు మెచ్చుకున్నారు గానీ కేసులు తరగలేదు. రంజాన్ రేపో ఎల్లుండో అనగా, మిగిలిన సీసాలు స్టోరువాడి ఎదుట పారబోయాలని పైనుంచి మాట వచ్చింది. మూతలు తీసి సింకులో బోర్లిస్తే క్షణాల పని. శంకరన్న అలా చేయలేదు. కడిగిన గ్లాసు తీసుకుని, వంచి, నెమ్మదిగా పోసి, నురగ నిలిచేదాకా ఆగి, వాసన చూసి, అప్పుడు పారబోశాడు. మళ్లీ ఇంకో సీసా. స్టోరువాడు గడియారం చూసుకుంటూ విసుక్కుని, కాసేపటికి ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. శంకరన్న మొహంలో మాత్రం అతిథికి పోసేటప్పుడు ఉండే శ్రద్ధే ఉంది.

చివరికి ఒక్క సీసా మిగిలింది. "నువ్వు పొయ్యి" అని నాకిచ్చాడు.

పండగ తర్వాత ఆ అరలో మామూలు బీర్లే వచ్చి చేరాయి. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏడాది తిరిగేలోపు సలాలాలో ఇంకో హోటల్‌కు మారిపోయాడు, తర్వాత కబురు లేదు. ఇప్పుడు హైదరాబాదులో బీరును అక్కడికక్కడే కాచి పోసే చోట్లు బోలెడు. నేను అప్పుడప్పుడు వెళతాను. గ్లాసు రాగానే ముందు వాసన చూస్తాను. కూడా వచ్చినవాళ్లు వేళాకోళం చేస్తారు, చేయనీ.

ఆ రోజు ఆ ఆఖరి సీసా అందుకుని నేను గ్లాసు వంచి, మధ్యలో ఆగి, మడ్డి కదలకముందే సీసా ఎత్తాను. నురగ రెండు వేళ్ల మందాన నిలబడింది. శంకరన్న వంగి వాసన చూశాడు. "ఇగో, ఇప్పుడచ్చింది నీకు" అన్నాడు. తర్వాత నేనే దాన్ని సింకులో వంపేశాను.