పది రోజులని రాసిన జబ్బు

2009 ఏప్రిల్‌లో నాకు ప్రభుత్వ మానసిక వైద్యుడిగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వారానికి ఒక్కో రోజు శిబిరం డ్యూటీ పడింది. మిర్యాలగూడలో మంగళవారం. మధ్యాహ్నానికల్లా అరవైమందిని చూసి పంపేవాణ్ణి. ఆ వేగం చూసుకుని లోలోపల గర్వపడేవాణ్ణి కూడా.

ఆ నెల చివరి మంగళవారం వేములపల్లి దగ్గరి గొర్రెల కాపరి మల్లయ్య, ఆయన భార్య లింగమ్మ ఇరవయ్యేళ్ల కొడుకు సైదులును తీసుకొచ్చారు. నిద్రపోడు, తనలో తాను గొణుక్కుంటాడు, పక్కింటాయన మీదికి రాయి ఎత్తాడు అన్నారు. ఎన్నాళ్లయిందని అడిగాను.

"పది దినాలైతది సారూ" అంది లింగమ్మ.

చీటీ మీద అదే రాశాను. కొద్దిరోజుల గందరగోళమైతే ఆగి చూడవచ్చు. నిద్రమాత్రలిచ్చి పదిహేను రోజులకు రమ్మన్నాను. కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మంద నిలపడం వాళ్ల ఆనవాయితీ. మఠంపల్లి దిక్కు పోతున్నాం, వీణ్ణి వెంట తీసుకుపోవచ్చా అని మల్లయ్య అడిగాడు. నిక్షేపంగా పొమ్మన్నాను.

వాళ్లు వెళ్లాక, చీటీలు రాసే యాదగిరి తల గోక్కున్నాడు. ఆయనదీ గొర్రెల కాపరుల ఇల్లే. "సారూ, మావోళ్లు లొల్లి అయిన కాన్నుంచే లెక్కవెడ్తరు. మందకు పోవుడు ఎప్పుడు బంద్ జేసిండో అడగాల్సింది."

పది రోజులు కాక నెలలైతే ఆగి చూడకూడదు. వరుసలో ఉన్నవాళ్లను వదిలేసి బస్టాండుకు పరుగెత్తాను. నల్లగొండ బస్సు ఎక్కబోతూ దొరికారు. యాదగిరి చెప్పినట్టే అడిగాను.

"దసరా కాడి సంది పోతలేడు" అన్నాడు మల్లయ్య. "గొర్లు తన మీద చాడీలు చెప్పుకుంటున్నయంటడు. పని దొంగ అనుకున్నం."

ఆరు నెలలు! అప్పుడు గానీ సైదులునే అడగాలని నాకు తోచలేదు. చెవిలో ఏమంటున్నారు అన్నాను. నేల చూపులు చూశాడు.

"కృష్ణల దిగమంటున్నరు సారూ. ఏ రేవుల్నో ఇంకా జెప్పలే."

మఠంపల్లి పక్కనే కృష్ణా నది. పొమ్మన్నది నేనే. ముగ్గురినీ వెంటబెట్టుకుని వెనక్కి తిరిగాను.

ఆ పూటే ఆసుపత్రిలో చేర్చుకుని, లేని గొంతులు వినిపించే సైకోసిస్ జబ్బుకు మందు మొదలుపెట్టాం. మల్లయ్య ఒక్కడే మందతో వెళ్లాడు, లింగమ్మ కొడుకు మంచం దగ్గర ఉండిపోయింది. రెండు నెలలకు గొంతులు ఆగాయి. మునుపటి చురుకు మాత్రం పూర్తిగా రాలేదు. ఆరు నెలల ఆలస్యం తన వాటా తాను తీసుకుంది.

ఇంటివాళ్లు చెప్పేది గొడవ జరిగిన రోజు. జబ్బు అంతకు చాలా ముందే, పని మానేసిన రోజుల్లో మొదలై ఉంటుంది. పదవీ విరమణ దాకా కొత్త రోగి వస్తే, చివరిసారి పనికి ఎప్పుడు పోయావని ముందు అతన్నే అడిగేవాణ్ణి. మధ్యాహ్నానికల్లా అరవైమందిని చూడటం మళ్లీ కుదరలేదు.