మాచర్లలో ఆడిన ఇటలీ బొమ్మ

ఉదయం ఏడుంపావుకు నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను. నిజానికి నేను వెళ్తున్న పని ముప్పై ఏళ్ల కిందటే, అక్కడున్నప్పుడే చేయాల్సింది. అప్పట్లో మాచర్లలో లెక్చరరుగా ఉంటూ పత్రికలకు సినిమా సమీక్షలు రాసేవాణ్ణి. అక్కడి టాకీసులో ఉదయం ఆటగా వేసిన ఒక ఇటలీ శృంగార హాస్య చిత్రాన్ని ఊరికి పట్టిన చీడ అని తిట్టిపోశాను. ఆర్నెల్లకు హాలు మూతపడింది. అక్కడ ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు ఖాసిం పని నావల్లే పోయిందని నాకు బెంగ. ఈమధ్య అలాంటి చిత్రాల మీద విదేశీ విమర్శకులు రాసినవి చదివాను. కొందరు వట్టి బూతన్నారు. మరికొందరేమో మొగుళ్ల డాంబికాన్ని, పెద్దమనుషుల దొంగభక్తిని బాగా వెక్కిరించాయన్నారు. దాంతో బెంగ ఇంకా పెరిగింది.

పిడుగురాళ్ల దాటేసరికి కిటికీల మీద సున్నపు దుమ్ము పేరుకుంది. పక్కసీటు పెద్దావిడ నన్నే చూస్తోంది.

"ఏంది సారూ, మొహం అట్టా పెట్టావు?"

"ఒకాయనకు క్షమాపణ చెప్పాలమ్మా."

"అయితే ఇది తిను. తిట్లు పడాలన్నా ఓపికుండాలిగా," అంటూ జామకాయ చేతిలో పెట్టింది.

పదింటికి మాచర్లలో దిగి, ఆటోలో ఖాసిం ఇంటికి వెళ్లాను. వాకిట్లో మిక్సీ బాగుచేస్తున్నాడు. ఆయన భార్య టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే అంతా చెప్పేశాను.

ఖాసిం పగలబడి నవ్వాడు. "అది రాసింది మీరా సార్! మీరు తిట్టినాక జనం తోసుకొచ్చారు. వారం ఆడాల్సిన బొమ్మ మూడు వారాలాడింది. హాలు పోయింది ఓనరు కొడుకుల తగాదాలో. మీకేం సంబంధం?"

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

"ఇంతకీ మొత్తం చూశారా?" అన్నాడు ఖాసిం.

"ఇంటర్వెల్‌కే లేచిపోయాను. స్టూడెంట్లు నన్ను చూస్తారేమోనని."

"అసలు కథ ఆ తర్వాతే గదన్నా!" అంది ఆయన భార్య. "ఈయనకి క్యారేజీ తెచ్చి, మిషను గదిలోంచి చూసేదాన్ని. పెళ్లాన్ని పట్టుకుందామని మొగుడు అల్మరాలో దాక్కుంటాడు. ఆమె తాళమేసి ఊరందర్నీ పిలుస్తది. ఆమె ఏ తప్పూ చేయలా. తప్పంతా చూసేవాళ్ల కళ్లల్లోనే. చానా నవ్వానన్నా!"

ఇన్నేళ్లలో ఎన్నో చిత్రాలకు తీర్పులు చెప్పాను. ఇంత సూటిగా ఒక్కటీ చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం ఒకటిన్నర బస్సులో తిరుగు ప్రయాణం. రెంటచింతల దగ్గర ఆ అల్మరా మొగుడు గుర్తొచ్చి పైకే నవ్వేశాను. అక్కడెక్కిన పక్కసీటాయనకు టికెట్ ఇవ్వబోయిన కండక్టరు, నా నవ్వు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.