తాతయ్య కుట్టిన ఆఖరి టార్పాలిన్

ముసురు పడితే మా దుకాణంలో గుడ్డకి పట్టించిన మైనం వాసన లేస్తుంది. ఆ వాసనకి డెబ్బైల నాటి ఒక రోజు గుర్తొస్తుంది.

చింతపల్లి కొండలెక్కేవాళ్లకి రెయిన్‌కోట్లూ టార్పాలిన్లూ నర్సీపట్నంలో మా ఇంట్లోనే కుట్టేవారు. కుట్టిన ప్రతి టార్పాలిన్నీ తాతయ్య షెడ్డులో నాలుగు మూలలా కట్టి, నీళ్లు పోసి, కింద కూర్చుని చూసేవాడు. చుక్క రాలితే ఆ కుట్టు విప్పేయడమే.

తాతయ్య పోయిన రోజు జోరువాన. శ్మశానానికి పట్టుకెళ్లడానికి ఆయన ఆఖరుగా కుట్టిన టార్పాలిన్ తీశారు. నాన్న దాన్ని షెడ్డులో కట్టి నీళ్లు పోశాడు.

"ఇప్పుడేటిరా ఇది? బేగి బయల్దేరండి," అంది మామ్మ.

"సూడకుండా నాన్న ఏదీ బయటికి పంపలేదమ్మా."

ఒక మూల చుక్కలు కారాయి. నాన్న నీళ్లు ఒంపేసి, ఆ కుట్టు విప్పి మళ్లీ కుట్టి, మైనం రాశాడు. అందరూ వానలో నిలబడి చూశారు. మామ్మ మాత్రం మొహం తిప్పుకుంది.

తాతయ్య తడవకూడదని నాన్న తాపత్రయం అనుకున్నాను. తడవకూడనివి చితి మీది కట్టెలని తర్వాత తెలిసింది. ఆఖరి ఏళ్లలో తాతయ్యకి చూపు తగ్గిందనీ, రాలే చుక్క ఆయనకి కనబడేది కాదనీ నేను పెద్దయ్యాక మామ్మ చెప్పింది. ఆయన నిద్రపోయాక కారే కుట్లన్నీ నాన్నే సరిచేసేవాడట.

ఆ ఒక్కటీ అందరి ముందూ కుట్టాల్సొచ్చింది.