చెరిపి మళ్ళీ కొట్టిన నంబరు

పాత కార్లలో ఉన్న ఇంజను అసలుదో కాదో తేల్చి చెప్పడం ఆమె పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. ఆమె కాదంటే ఎంత ముచ్చటైన బండికైనా బేరం అక్కడితో ఆగిపోయేది. అందుకే కార్ల వ్యాపారులు చాటుగా ఆమెను "తీర్పులమ్మ" అనేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం ఎక్కడలేని వినయం ఒలకబోసేవాళ్ళు.

ఒకరోజు సొంత అన్నే తాను అమ్మదలచిన ఎర్రటి స్పోర్ట్స్ కారును ఆమె షెడ్డుకు తెచ్చాడు. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిన బండి. కొనబోయే డాక్టరుగారూ వెంట వచ్చారు. కారుతోపాటు ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇప్పటికీ ఇందులో ఉందా అన్నదే ఆయన సందేహం.

"చుట్టరికం గుమ్మం దగ్గర వదిలేసి రా అన్నయ్యా" అందామె. అన్న గట్టిగా నవ్వాడు. డాక్టరుగారు బయటికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు.

ఇంజను దిమ్మ మీద జిడ్డు తుడిస్తే నంబరు కనిపించింది. ఫ్యాక్టరీవాళ్ళు బండికి బిగించిన రేకు మీదున్న ఇంజను నంబరూ అదే. కానీ ఆమె నడుం ఎత్తలేదు. భూతద్దం దగ్గరికి తెచ్చింది. ఫ్యాక్టరీ యంత్రం దిమ్మను చదును చేసినచోట వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఉండాలి. అవి లేవు. అంకెలు ఒక వరసలో లేక తూలుతున్నాయి.

వేరే ఇంజను పెట్టి, దాని నంబరు గీకేసి, కావలసిన నంబరు కొట్టడం మోసగాళ్ళ పని.

"దీన్ని ఎవరో చెరిపారు."

"కళ్ళజోడు మార్చుకో" అన్నాడు అన్న. నవ్వు మాత్రం పోయింది.

"ఫ్యాక్టరీలో కొట్టిన మొదటి దెబ్బ ఇనుములోకి లోతుగా దిగి ఉంటుంది. ఆసిడ్ పూస్తే పాత నంబరు తేలుతుంది."

అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దే. నా మాట విను."

ఆమె చెయ్యి విడిపించుకుని దూదితో ఆసిడ్ అద్దింది. ఇనుము నల్లబడింది. కొట్టిన అంకెలకు కాస్త కిందగా మసక నీడలు లేచాయి. ఒక్కొక్కటే పై అంకెతో సరిపోతూ వచ్చింది. చివరిది మూడో ఎనిమిదో తేలడం లేదు. మళ్ళీ అద్దింది. ఎనిమిది. అదే నంబరు!

"అసలు ఇంజనే కదా! మరెందుకు చెరిపారు?"

అన్న స్టూలు మీద కూలబడ్డాడు. "తుప్పు తినేసి సగం అంకెలు కనపళ్ళేదే. డాక్టరుగారు నమ్మరేమోనని నేనే ఆకురాయి పట్టి, మళ్ళీ కొట్టాను."

"బంగారానికి గిల్టు పూశావు కదా అన్నయ్యా!"

"ఇంజను అసలుదని చెప్పు చాలు. అది అబద్ధం కాదుగా."

ఆమె తలుపు తీసి, "డాక్టరుగారూ, లోపలికి రండి" అని పిలిచింది.

అన్న ఎదుటే జరిగిందంతా చెప్పింది. ఆయన భూతద్దంలో చాలాసేపు చూశారు.

"ఇంజను అదేనా?"

"అదే. నంబరు మాత్రం అన్నయ్యది."

"తుప్పుతోనే తీసుకునేవాణ్ణి కదయ్యా" అన్నారాయన అన్నతో. ఆ రోజు కారు కొనలేదు. తర్వాత మిగతా భాగాలన్నీ ఆమె చేత పరీక్ష చేయించాకే తీసుకెళ్ళారు.

అన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. కొన్నాళ్ళు చూసి ఆమే వాళ్ళింటికి వెళ్ళింది. వదిన తలుపు తీసింది.

"ఎవరు?" లోపలి గదిలోంచి అన్న గొంతు.

"నేనే."

లోపల మంచం కిర్రుమంది.

"దాన్ని గుమ్మంలోనే నిలబెట్టావేం? కుర్చీ వెయ్యి" అన్నాడు వదినతో.